పదిమందిలో కూర్చుని నేర్చే పని
(సూది పని శిక్షణ తరగతి మొదలుపెడుతూ యువతీ యువకులతో చేసిన ప్రసంగ పాఠం)

 

జూబ్లీహిల్స్‌ను ఆనుకొని ఉన్న బంజారాహిల్స్ పేరులోనే మన జాతి పేరుంది. అక్కడే రోడ్ నంబర్ 10లో సేవాలాల్ బంజారా భవన్, కుమ్రం భీం ఆదివాసీ భవన్ 2022 సెప్టెంబర్ 17న ప్రారంభమయ్యాయి. అక్కడికి దగ్గర్లోనే ఫిల్మ్‌నగర్. సినిమాలో తండా పాట వస్తే అద్దాల కాంచళి, గవ్వల పేటియా, తలమీద టుక్రి తెర నిండా మెరుస్తాయి. అది చేతి కుట్టా, మిషన్ కుట్టా అని చూసి చెప్పగలవాళ్లు మనలో ఎంతమంది?

గుర్తుపట్టడం కష్టం కాదు. అద్దం బిళ్లకు రంధ్రం ఉండదు. దాన్ని బట్టమీద పెట్టి, ముందు దారాన్ని నిలువుగా, అడ్డంగా లాగి చిన్న చట్రంలా కడతారు. తర్వాత ఆ చట్రాన్ని పట్టుకుంటూ అంచు చుట్టూ కుట్టు వేస్తారు. అద్దాన్ని పట్టి ఉంచేది జిగురు కాదు, దారం బిగువు. బిగువు తక్కువైతే అద్దం జారుతుంది, ఎక్కువైతే బట్ట ముడుచుకుంటుంది. ఎంత లాగాలో ఏ వీడియో చెప్పలేదు. పక్కన కూర్చున్న దాది మన చేయి పట్టి చూపిస్తేనే తెలుస్తుంది. అందుకే ఇది గుంపుగా నేర్చుకునే విద్య.

కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు ఉంది. అక్కడ కిలన్, వేలే, బక్యా, మాకీ, రేలో, గద్రీ, నక్రా వంటి 14 రకాల కుట్లను పేర్లతో సహా లెక్కగట్టారు. 2023 జులైలో హంపిలో జీ20 సాంస్కృతిక సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా మహిళలు చేసిన 1,755 వస్తువులను ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించారు.

తమిళనాడు ధర్మపురి జిల్లా సిట్టిలింగి లోయలోని లంబాడీ తండాల్లో ఈ పని దాదాపు మరుగున పడింది. చివరికి అది ఇద్దరు పెద్దవాళ్ల చేతుల్లోనే మిగిలింది. వాళ్లు చిన్నవాళ్లను కూర్చోబెట్టి నేర్పారు. ఆ గుంపే ఇవాళ ‘పోర్గై’ పేరుతో బట్టలు కుట్టి అమ్ముకుంటోంది. పోర్గై అంటే గర్వం. ఆ ఇద్దరూ నేర్పకుండా వెళ్లిపోయి ఉంటే అక్కడ గర్వపడటానికి ఏం మిగిలేది?

మన ఇళ్లలో సంగతి చూడండి. ట్రంకు పెట్టెలో ఉన్న పాత పేటియాను ఎవరో వచ్చి కొంత డబ్బు చేతిలో పెట్టి తీసుకుపోతారు. దాన్ని ముక్కలు చేసి సంచులుగా, దిండు గలీబులుగా అమ్ముతారు. కొన్నవాళ్లను తిట్టి లాభం లేదు. అందులో ఎన్ని రోజుల పని ఉందో తెలిసినవాళ్లు తక్కువ ధరకు ఇవ్వరు. ఆ లెక్క తెలియాలంటే మన చేయి సూది పట్టాలి.

ఇది ఆడపిల్లల పనే అనుకొని మగపిల్లలు వెనక్కి జరగొద్దు. సినిమా కాస్ట్యూమ్ విభాగంలో సూది పట్టే మగవాళ్లు ఎంతోమంది. రేపు మీలో ఒకరు ఫిల్మ్‌నగర్‌లో ఆ పనిలో చేరితే, తండా వేషం ఎలా ఉండాలో చెప్పే మాట మన నోటి నుంచే వస్తుంది.

ఈసారి తండాకు వెళ్లినప్పుడు మూడు పనులు చేయండి. యాడి దగ్గర, దాది దగ్గర కూర్చుని ఒక్క కుట్టు నేర్చుకోండి. ఆ కుట్టును మన గోర్ బోలిలో ఏమంటారో రాసుకోండి. వాళ్ల చేతులు కదిలే తీరును ఫోన్‌లో తీయండి. వచ్చే తరగతికి ఆ కుట్టు వేసిన జానెడు గుడ్డ తెచ్చి పక్కవాళ్లకు నేర్పండి. అందరి ముక్కలూ కలిపి ఒకే బట్టగా కుడదాం.