కనబడని వెలుగును పట్టే కొత్త పదార్థాలు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సైన్సు సంగతి గుమాస్తాకెందుకని కొందరు మిత్రులు అనుకోవచ్చు. కాని ఈ విషయానికీ మనకూ దగ్గర సంబంధమే ఉన్నది. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చాక, మనం బ్రతికి ఉన్నామని యంత్రం కూడా సాక్ష్యం చెబుతున్నది. వేలిముద్రలు అరిగిపోయినవారికి కనుపాపను చదివే యంత్రం అక్కరకు వస్తున్నది. అది కంటికి కనబడని పరారుణ కాంతిని వేసి, తిరిగివచ్చిన వెలుగును పట్టుకుంటుంది. కోవిడ్ రోజుల్లో వేలికి తగిలించుకున్న ఆక్సీమీటరు కూడా ఎర్రకాంతి, పరారుణ కాంతులతోనే రక్తంలో ప్రాణవాయువు లెక్క చెప్పింది.

ఇలాంటి యంత్రాల్లో వెలుగును పట్టేది సాధారణంగా సిలికాన్. దాని వ్యవహారం మన ట్రెజరీ కౌంటరు వంటిది. అందులోని ఎలక్ట్రాను కదలాలంటే కాంతి కణం సుమారు 1.1 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి చెల్లించాలి. తక్కువ తెస్తే వాపసే. ఇద్దరం కలిసి చెరిసగం కడతామన్నా ఒప్పుకోదు. అందుచేత సుమారు 1.1 మైక్రోమీటర్లకు మించిన తరంగదైర్ఘ్యం గల కాంతి దానికి కనబడదు. మన ఒంటి వేడి వెదజల్లే కాంతి 10 మైక్రోమీటర్ల దరిదాపుల్లో ఎక్కువ. దాన్ని వేగంగా, సూక్ష్మంగా పట్టడానికి పాదరసం, కాడ్మియం, టెల్యూరియం కలిసిన పదార్థం వాడతారు. ఇది 1959 నాటిది. దానికి సాధారణంగా ద్రవ నైట్రోజన్‌తో, అనగా సుమారు మైనస్ 196 డిగ్రీల చలువ ఇవ్వాలి.

ఇక్కడే టోపలాజికల్ సెమీమెటల్స్ ప్రవేశించాయి. 1929లో హెర్మన్ వైల్ అనే గణితవేత్త కాగితం మీద వ్రాసిన సమీకరణానికి సరిపోయే ఎలక్ట్రానులు 2015లో టాంటలం ఆర్సెనైడ్ స్ఫటికంలో కనబడ్డాయి. ఆ కోవలోని టంగ్‌స్టన్ డైటెల్యురైడ్, టాంటలం ఇరిడియం టెల్యురైడ్ వంటివి అభ్రకంలా పొరలు పొరలుగా విడిపోతాయి. వీటిలో కనీస రుసుము లేదు. ఎంత చిన్న కాంతి కణానికైనా కౌంటరు తెరిచే ఉంటుంది.

తలుపు తెరిచి ఉంటే పిలవనివారూ వస్తారు కదా! బ్యాటరీ తగిలిస్తే చీకట్లో కూడా కరెంటు పారుతుంది. నిజమైన సంకేతం ఆ గోలలో మునిగిపోతుంది. దీనికి విరుగుడు స్ఫటికంలోనే దొరికింది. అందులో అణువుల అమరిక రెండు దిక్కులా ఒకే తీరుగా ఉండదు. వెలుగు పడగానే, బ్యాటరీ లేకుండానే, కరెంటు ఒకవైపుకు నడుస్తుంది. టాంటలం ఇరిడియం టెల్యురైడ్‌తో 4 మైక్రోమీటర్ల కాంతిని ఇలా పట్టినట్లు 2019లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

అయితే ఇవి ఇంకా ప్రయోగశాల దశలోనివే. పల్చని పొరలు కొన్ని గాలికే చెడిపోతాయి. పెద్ద పలకలుగా చేయడమూ కష్టమే. రేపే మన ఆసుపత్రికి వస్తాయని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

చివరిగా ఒక్క మాట. యంత్రం ఎంత గొప్పదైనా దాని చూపుకు ఒక హద్దు ఉంటుంది. వేలిముద్ర పడలేదంటే మనిషి లేడని కాదు, యంత్రానికి ఆనలేదని. అటువంటప్పుడు నిరాశతో ఇంటికి తిరిగి రాకండి. కనుపాపతోనో, ముఖం చూపించో, కాగితం ధ్రువపత్రంతోనో పని జరిపించమని మర్యాదగా, గట్టిగా అడగండి. నడవలేని సభ్యుల తరఫున మన సంఘం అడగాలి.