లెక్క యడిగిన లోక్‌సభ



1956లో జీవిత బీమా వ్యాపారము జాతీయమై, పాలసీదారులు కూడబెట్టిన సొమ్ము ప్రభుత్వ సంస్థ చేతికి వచ్చెను. మరుసటి యేడే ఆ సంస్థ హరిదాస్ ముంధ్రాకు చెందిన ఆరు కంపెనీల వాటాలను రమారమి కోటి పాతిక లక్షల రూపాయలకు కొనెను. తన పెట్టుబడుల సంఘమునైనను ముందుగా సంప్రదింపలేదు.

పాలకపక్ష సభ్యుడును, ప్రధాని నెహ్రూకు అల్లుడును అయిన ఫిరోజ్ గాంధీ 1957 డిసెంబరులో లోక్‌సభయందు దీనిని నిలదీసెను. న్యాయమూర్తి ఛాగ్లా బహిరంగముగా విచారణ జరిపి, కార్యదర్శి చేసిన పనికి మంత్రియే బాధ్యుడని తేల్చెను. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి. టి. కృష్ణమాచారి రాజీనామా యిచ్చెను.

పక్షాభిమానముగాని బంధుత్వముగాని ఆ ప్రశ్నకు అడ్డు రాలేదు. తమ ప్రతినిధి సభలో ఏమి యడిగెనో, ఏమి యడుగక విడిచెనో గ్రంథాలయమున పత్రికలు చదువు పౌరులు గమనించుచుండవలెను. అప్పుడే ప్రజాధనమునకు రక్షణ కలుగును.