ఇంద్రావతి విద్యుత్తు – ఆదాయ వ్యయములు



ఉగాది సభలో కవిత్వమును విడిచి కరెంటును గూర్చి మాటలాడబూనినందులకు మన్నింప వేడెదను. ఇంతకు మునుపే శాస్త్రులవారు పంచాంగము చదివి, ఏ రాశివారికి ఆదాయమెంతో, వ్యయమెంతో వినిపించిరి. నేను చెప్పబోవునదియు ఆదాయ వ్యయముల సంగతియే.

మనము ఉద్యోగరీత్యా బస్తరు సీమకు వచ్చినవారము. అయినను ఈ నేల మనకు పరాయిది కాదు. ఓరుగల్లు కాకతీయ వంశమునకు చెందిన అన్నమదేవుడు ఇచ్చట రాజ్యము స్థాపించెనని ప్రసిద్ధి. భోపాలపట్నము వైపున నేటికిని తెలుగు వినవచ్చును. ఇచ్చటి ఇంద్రావతి పోయి పోయి మన గోదావరిలోనే కలియుచున్నది.

ఆ ఇంద్రావతిపై, బార్సూరు చెంత, బోధ్‌ఘాట్ జలవిద్యుత్ పథకమునకు 1979లో నాటి ప్రధానమంత్రి మొరార్జీ దేశాయి శంకుస్థాపన గావించిరి. అప్పటి లక్ష్యము 500 మెగావాట్లు. 1984లో ప్రపంచ బ్యాంకు ఋణము మంజూరు చేసినది. కాని 1980 నాటి అటవీ సంరక్షణ చట్టము అడ్డువచ్చినది, ప్రతిఘటనయు బయలుదేరినది, పనులు నిలిచిపోయినవి. 2020లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము దానిని మరల పైకి తీసినది. 2025లో ఇంద్రావతి–మహానది అనుసంధానముతో కలిపి కేంద్రము నెదుట ఉంచినది. ఇప్పటి ప్రణాళికలో విద్యుత్తు 125 మెగావాట్లే, సాగునీరు ప్రధానము. మునుగునవి 40కి పైగా గ్రామములు, 13,000 హెక్టార్లకు మించిన నేల. అందు 5,000 హెక్టార్లకు పైగా అడవి.

ఈ నడుమ లోకము మారినది. 2019లో కేంద్రము 25 మెగావాట్లకు మించిన జలవిద్యుత్తును గూడ పునరుత్పాదక శక్తిగా గుర్తించినది. 2070 నాటికి కర్బన ఉద్గారములను నికరముగా సున్నకు దింపుదుమని 2021లో గ్లాస్గో సభయందు మన దేశము ప్రకటించినది. బొగ్గు పొగ తగ్గవలెననుటలో సందేహము లేదు. కాని నిన్న ‘అభివృద్ధి’ యనిపించుకొన్న ఆనకట్ట నేడు ‘స్వచ్ఛశక్తి’ యను పేరు దాల్చినంత మాత్రమున, మునిగెడి ఊరు మునుగకుండునా?

ఈ ప్రశ్నను ముందుగా మనలను మనమే వేసికొనవలెను. ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి పథకమైన బలిమెల జలాశయము మన ఇండ్లలో దీపములు వెలిగించినది. దాని వలననే పొరుగున మల్కనగిరి జిల్లాలో 151 గ్రామములు బాహ్యలోకమునకు దూరమై, పడవలే దిక్కుగా దశాబ్దములు గడపినవి. 2018లో గురుప్రియ వంతెన తెరచిన పిదపనే వారికి దారి యేర్పడినది. మన దీపములకైన ఆ వ్యయమును మనము ఏ ఖాతాలోను వ్రాసికొనలేదు.

ఆనకట్టలే వలదని నా మతము కాదు. ప్రొద్దు గ్రుంకిన పిదప సౌరఫలకము మూగవోవును. జలాశయము ఆ వేళకే విద్యుత్తు నందింపగలదు. ఇక సాగునీటికి వేరొక మార్గమును గలదు. 2016లో ఆరంభమైన సౌర సుజల పథకము క్రింద ఈ రాష్ట్రమున రైతులకు సౌర పంపులు లభించినవి. వానికై ఊళ్లు ముంపవలసిన పని లేదు. ఏది ఎంతవరకు తగునో తూచి నిర్ణయించునప్పుడు, వ్యయము భరించువారి మాట మొదట వినబడవలెను.

చట్టము చెప్పునదియు ఇదియే. షెడ్యూల్డు ప్రాంతములలో భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదింపవలెనని 1996 నాటి చట్టము విధించినది. ముందస్తు సమ్మతి కావలెనని 2013 నాటి భూసేకరణ చట్టము పలికినది.

మనము ఫైళ్ల నడుమ బ్రదుకువారము. ‘గ్రామసభ సమ్మతి జతపరచడమైనది’ అను ఒక్క పంక్తి ఎంత దూరము పోవునో మనకు తెలియును. అట్టి కాగితము ఎన్నడేని మన బల్లపైకి వచ్చినచో, సంతకమునకు మునుపు ఒక్క ప్రశ్న వేయుదము: ఆ తీర్మానమును గోండీలోనో, హల్బీలోనో, దోర్లీలోనో ఊరివారికి చదివి వినిపించిరా? వారు ‘కాదు’ అనుటకు అవకాశముండెనా?

పంచాంగములో ఒక్కొక్క రాశికి ఆదాయ వ్యయములు రెండును వ్రాయుదురు. మన పథకములలో మాత్రము ఆదాయమంతయు ఒక రాశికి, వ్యయమంతయు వేరొక రాశికి పడుచున్నది. ఈ లెక్క సరిదిద్దినప్పుడే ఆ వెలుగు స్వచ్ఛమైనదని చెప్పుకొనుటకు మనకు అర్హత కలుగును.