జనపనార పురి నుండి సూక్ష్మ సర్పిలం దాకా



తాళ్లు పేనేవారికి తెలిసిన విషయమొకటి నేటి నా ప్రసంగానికి ఆధారం. కుడి పురి పెట్టిన తాడును తలక్రిందులు చేసినా, ఎటు త్రిప్పినా అది ఎడమ పురి తాడు కాజాలదు. అద్దంలోని దాని ప్రతిబింబంలో మాత్రమే ఎడమ పురి కనిపిస్తుంది. ఈ లక్షణాన్నే శాస్త్రజ్ఞులు కైరాలిటీ అన్నారు.

కాంతి ఒక తరంగం. దాని కంపనాలు ఒకే తలంలో సాగితే అది ధ్రువణం చెందినదంటాము. ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో పనిచేస్తూ, పురి పెట్టిన జనపనార కట్టల గుండా విద్యుత్ తరంగాలను పంపి, వాటి ధ్రువణ తలం తిరగడాన్ని గమనించి, 1898లో ప్రకటించారు. కుడి పురి ఒకవైపునకు త్రిప్పితే, ఎడమ పురి ఎదుటి వైపునకు త్రిప్పింది. చక్కెర ద్రావణం కాంతిని త్రిప్పే తీరుకు ఆయన నారతో నమూనా కట్టి చూపారన్నమాట.

బోస్ వాడిన తరంగాలలో మిక్కిలి పొట్టివి 5 మిల్లీమీటర్లవి. కంటికి కనిపించే కాంతి తరంగ దైర్ఘ్యం 400 నుండి 700 నానోమీటర్లు. అనగా దాదాపు 10,000 రెట్లు చిన్నది. పురి కూడా అంత చిన్నది కావాలి. దానిని చేతితో పేనలేము, పెంచవలసిందే.

నిర్వాత పాత్రలో సిలికాన్ వంటి అర్ధవాహకాన్ని ఆవిరి చేసి, పలకపై మిక్కిలి ఏటవాలుగా పడనిస్తారు. తొలుత నిలిచిన కణాల వెనుక నీడ ఏర్పడుతుంది. ఆ నీడలోనికి ఆవిరి చేరదు. కనుక కణాలపైననే కణాలు పేరుకొని వాలు స్తంభాలు లేస్తాయి. పలకను మెల్లగా త్రిప్పితే ఆ స్తంభాలు మరమేకుల వలె మెలి తిరుగుతాయి. త్రిప్పే దిశ మారితే పురి మారుతుంది. 1959లో యంగ్, కోవాల్ అనేవారు ఫ్లోరైట్ పొరలతో ఈ మార్గాన్ని చూపారు. అయితే మరలన్నీ ఒకే పురిలో ఉండాలి. కుడి ఎడమలు సమంగా కలిసిపోతే ఒకదాని పనిని మరొకటి రద్దు చేస్తుంది.

ఇంత శ్రమ ఎందుకు? నేటి సేంద్రియ డయోడు తెరలపై బయటి వెలుగు ప్రతిఫలించకుండా ధ్రువణ పొర అతికిస్తారు. తెర వెలువరించే కాంతిలో దాదాపు సగం ఆ పొరకే ఆహుతి. కంపన దిశ మరవలె తిరుగుతూ సాగే కాంతిని, అనగా వృత్తీయ ధ్రువణం గల కాంతిని, తగిన దిశలో వెలువరించే పదార్థం లభిస్తే ఆ నష్టం చాలావరకు తప్పుతుంది.

బోస్ చేతికందినది వంగదేశపు నార. ఆయన వేసిన ప్రశ్న మాత్రం ఏ దేశపు ప్రయోగశాలకైనా చెందినదే. మీ ఊరి తాడునొకదానిని అద్దం ముందు పట్టి చూడండి. ఆ ప్రశ్న అక్కడే మొదలవుతుంది.