పటంలోకి ఎక్కని చెట్లు



పద్మనాభంలో మైకు పట్టుకున్న వక్త ఎవరైనా 1794 జూలై 10తో మొదలుపెట్టడం ఆనవాయితీ. విజయనగరం రాజు చిన విజయరామరాజు కుంపిణీ సేనలకు ఎదురునిలిచి ప్రాణం విడిచిన నేల ఇది గనక ఆ ఆనవాయితీని తప్పుపట్టను. ఆ యుద్ధానికి మూలం పేష్కషు బకాయిలు. అంటే నేల మీద వచ్చేది ఎవరికెంత అన్న లెక్క. అదే లెక్క ఇప్పుడు మరో రూపంలో ఈ మండలానికి వచ్చింది. ఒకవైపు విశాఖ, ఇంకోవైపు విజయనగరం, కాస్త ఎడంగా భోగాపురం విమానాశ్రయం, నడుమ గోస్తనీ ఒడ్డున మన ఊళ్లు. 2020 జనవరిలో జీవో 72 కింద విశాఖ చుట్టూ పది మండలాల్లో ఆరువేల ఎకరాలకు పైగా భూసమీకరణకు గుర్తిస్తే ఆ పదిలో పద్మనాభమూ ఒకటి. ప్రభుత్వం సమీకరించినా, వ్యాపారులు కొన్నా, ఎకరాల్లో చేతులు మారిన నేల గజాల్లో అమ్ముడవుతుంది. ఆ నడిమి నెలల్లో దాని మీదున్న చెట్లు ఏమవుతాయన్నదే నేను మాట్లాడదలచిన విషయం. నా వాదన చిన్నది. చెట్టు బతుకు తేలిపోయేది గొడ్డలి దగ్గర కాదు, లేఅవుట్ పటం దగ్గర. దాన్ని కాపాడే ప్రయత్నం కూడా అక్కడే మొదలవ్వాలి.

వెంచర్ ఎలా పుడుతుందో గమనించండి. ముందు సర్వేయరు వచ్చి కొలతలు తీస్తాడు. పటం మీద హద్దురాళ్లు, దారి, గెడ్డ, కరెంటు స్తంభాలు పడతాయి. గట్టు మీది తాళ్లు, కళ్లం పక్కన చింత, దిబ్బ మీది ఇప్పచెట్టు పడవు. ఆ పటం మీదే నలభై అడుగుల రోడ్డు గీస్తారు, ప్లాట్లకు నంబర్లు వేస్తారు, బ్రోచర్ అచ్చువేస్తారు, అడ్వాన్సులు పుచ్చుకుంటారు. అన్నీ అయ్యాక చింతచెట్టు సరిగ్గా ఓ ఈశాన్యం ప్లాటు నడిమధ్యన తేలుతుంది. అప్పటికి అది అడ్డం. దాన్ని తెల్లారేసరికి పొక్లెయిన్‌తో పెకలించేవాళ్లు కొందరు. జాగ్రత్తపరులు మరోలా చేస్తారు. మొదలు చుట్టూ జానెడు వెడల్పున బెరడు ఒలుస్తారు, లేదా మొదట్లో చెత్త పోగేసి నిప్పు పెడతారు. ఆకుల్లో తయారైన ఆహారం కిందికి దిగేది ఆ బెరడు పొరలోంచే గనక వేర్లు పస్తుండి చస్తాయి, కొన్ని నెలలకు చెట్టు నిలువునా ఎండుతుంది. ఎండిన చెట్టును కొట్టేస్తామంటే ఎవరు కాదంటారు?

చట్టం లేదా అంటే, ఉంది. 2002 నాటి వాల్టా చట్టం పేరులోనే నీరు, భూమితో పాటు చెట్టును కూడా పెట్టుకుంది. కొన్ని రకాలకు మినహాయింపులున్నా, పొలంలో చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలని అది చెబుతుంది. చిక్కేమిటంటే ఆ అనుమతి అడిగే వేళకు ప్లాటు అమ్ముడైపోయి ఉంటుంది. న్యాయస్థానాలదీ ఇదే అవస్థ. 2025 ఉగాది సెలవుల్లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి యంత్రాలు దిగినప్పుడు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం విద్యార్థులు రోడ్డెక్కారు. వాళ్లూ ఈ రోజు పట్టభద్రులవుతున్న మీ వయసువాళ్లే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంత తాను కలుగజేసుకుని పని ఆపించింది. అప్పటికే సుమారు వంద ఎకరాలు బోడి అయ్యాయి. దానికి పది రోజుల ముందే మథుర ప్రాంతంలో 454 చెట్లు నరికినందుకు అదే కోర్టు చెట్టుకు లక్ష రూపాయల చొప్పున జరిమానా వేసింది. అక్కడ మళ్లీ అంత పచ్చదనం రావాలంటే కనీసం నూరేళ్లు పడుతుందని కోర్టే అంది. రెండూ మంచి ఆదేశాలే. కానీ రెండింట్లోనూ కోర్టు మొద్దులను లెక్కపెట్టింది.

మన పాలనకు చెట్లను లెక్క రాయడం కొత్తేమీ కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ రైత్వారీ గ్రామాల్లో పోరంబోకు మీది చింత, తాటి వంటి ఫలవృక్షాలకు విడిగా లెక్క ఉండేది. తమిళనాడులో ఇప్పటికీ '2సి' పట్టా అంటే ఆ చెట్ల ఫలసాయం అనుభవించే పట్టానే. దొరలకు చెట్ల మీద ప్రేమ పుట్టి ఆ పుస్తకం పెట్టలేదు. చెట్టు మీద పన్ను వసూలు కావాలంటే చెట్టు ఎక్కడుందో తెలియాలి. రాబడి ఉన్నన్నాళ్లు దాని కోసం ఒక పుస్తకం పెట్టిన సర్కారు, రాబడి పోయాక లేఅవుట్ పటంలో ఒక చుక్క పెట్టడానికి బద్ధకిస్తోంది.

దీనికి గట్టి అభ్యంతరం రైతు వైపు నుంచి వస్తుంది. నా పొలం, మా తాత నాటిన చెట్టు, పిల్ల పెళ్లికో చదువుకో అమ్ముకుంటుంటే మధ్యలో నీ పెత్తనమేమిటి అంటాడు. దీన్ని తేలిగ్గా తీసేయకూడదు. నగరంలో ఏసీ గదిలో కూర్చున్నవాడు పల్లె రైతుకు చెట్ల మీద పాఠం చెప్పడం అసహ్యంగానే ఉంటుంది. అయితే లెక్క ఒకసారి చూడండి. రైతు ఎకరం ధరకు అమ్ముతాడు, ఆ ధరలో చెట్టుకు కట్టేది కట్టెల రేటు. నీడనిచ్చే చెట్టు చూపించి ప్లాటు ధర పెంచుకోగలిగే వ్యాపారి దాన్ని కొట్టేసి, గేటు దగ్గర కొత్తగా రెండు ఈత జాతి అలంకార మొక్కలు పెట్టి, వెంచర్ పేరులో 'గ్రీన్' అని తగిలిస్తాడు. సుప్రీంకోర్టు నియమించిన నిపుణుల సంఘం 2021లో ఒక చెట్టు విలువను ఏడాదికి 74,500 రూపాయలుగా లెక్కగట్టింది. ఆ అంకెను అక్షరాలా నమ్మమని నేననను, ప్రాణవాయువుకు ధర కట్టే పద్ధతుల మీద నాకూ సందేహాలున్నాయి. అందులో పదోవంతే నిజమనుకున్నా, కట్టెల రేటుకు చెట్టును లెక్కవేయించుకున్న రైతు మోసపోయినట్టే. చెట్టు పటంలోకి ఎక్కితే దానికి బేరం చేసుకునే హక్కు రైతుకు వస్తుంది.

రెండో అభ్యంతరం ఖర్చు. చెట్ల కోసం స్థలం వదిలితే ప్లాటు ధర పెరిగి మధ్యతరగతివాడు ఇల్లు కట్టుకోలేడు అంటారు. ఇది నిబంధనలు చదవనివాళ్ల మాట. లేఅవుట్ విస్తీర్ణంలో పది శాతం పార్కు వంటి ఖాళీ స్థలంగా వదలాలని మన రాష్ట్ర నిబంధనలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. ఆ పది శాతం మామూలుగా ఎక్కడ పడుతుంది? ప్లాటుగా కోయడానికి లొంగని మూలముక్కలో, గెడ్డవార పల్లంలో, హైటెన్షన్ తీగల కింద. అదే పది శాతాన్ని తోపు ఉన్నచోట పెడితే అమ్మకానికి ఒక్క గజం తగ్గదు. ఐదెకరాల వెంచర్‌లో ఖాళీ స్థలం అరెకరం. ఓ మోస్తరు మామిడి గుంపుకో, రెండు ముదురు చింతలకో ఆ అరెకరం చాలు. మార్చాల్సింది పటంలో గళ్ల అమరిక ఒక్కటే, అదీ తొలి చిత్తుప్రతిలోనే. రోడ్డు పడ్డాక ఎవరి వల్లా కాదు.

ఒకటి కొడితే నాలుగు నాటుతాం కదా అనేది అందరికీ నచ్చే జవాబు. ఈ జిల్లాలో దీనికి పరీక్ష ఎప్పుడో జరిగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ పచ్చదనాన్ని ఒక్క పూటలో నేలపాలు చేసింది. ఆ తరువాత త్వరగా ఎదిగేవి కావాలన్న తొందరలో వీధుల వెంట ఏడాకుల చెట్టు విరివిగా నాటారు, కొన్నేళ్లకు దాని పూల ఘాటు పడక ఆయాసపడుతున్నామని జనమే మొరపెట్టుకున్నారు. లక్షల మొక్కలు నాటామన్న ప్రకటన వేరు, ఒక ఊరికి తగిన చెట్టు ఎదిగి నిలవడం వేరు. తాటినే తీసుకోండి. టెంక పాతిన పుష్కరం దాటితే గాని కాపుకు రాదు. దానికి కొమ్మలుండవు, మొవ్వు తెగితే మళ్లీ చిగురించదు. గిజిగాళ్లకు గూడు, జనానికి ముంజెలు, గట్టుకు పట్టు ఇచ్చే ఆ చెట్టుకు బదులుగా మూడడుగుల నర్సరీ మొక్కలు నాలుగు కాదు, నలభై పెట్టినా లెక్క సరిపోదు. వేళ్లతో లేపి మరోచోట నాటే పద్ధతి మర్రి, రావిలకు కొంత నప్పుతుంది. అన్నింటికీ అదే మందు అనడం కంట్రాక్టరు మాట.

అన్నింటికన్నా బరువైన అభ్యంతరం చేవెళ్ల నుంచి వచ్చింది. హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే దారిలో తొమ్మిది వందల దాకా మర్రిచెట్లు ఉన్నాయి. రోడ్డు వెడల్పు చేయడానికి వాటిని తీసేస్తామంటే చెట్ల ప్రేమికులు ఒక్కోదాన్నీ గుర్తించి, హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లారు. వివాదం ఏళ్ల తరబడి నలిగింది. 2025 నవంబరు 3న అదే దారిలో మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొని కనీసం 19 మంది చనిపోయారు. చెట్ల కోసం మనుషుల్ని చంపుకున్నాం అని చాలామంది కోపంగా అన్నారు. ఆ కోపాన్ని గౌరవించాలి, ఇరుకు రోడ్డు మీద చావు ఊహ కాదు. కానీ ఆలస్యం ఎక్కడ పుట్టింది? దారి గీసినప్పుడే చెట్లను లెక్కలోకి తీసుకుని ఉంటే ఎవరూ ట్రైబ్యునల్ మెట్లు ఎక్కాల్సి వచ్చేది కాదు. చివరికి డిజైన్ మార్చి చాలా చెట్లను ఉన్నచోటే ఉంచడానికి అధికారులు ఒప్పుకున్నాకే పనికి దారి దొరికింది. ఆఖరున చేసినది ఆదిలోనే చేయగలిగినదే. రోడ్డూ అప్పుడే పడేది.

ఇంతకీ పటంలోకి చెట్టును ఎక్కించడం కష్టమా? 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో మన రాష్ట్రం డ్రోన్లు ఎగరేసింది. ఆ ఫోటోల్లో ప్రతి తాటిచెట్టూ దాని నీడతో సహా కనిపిస్తుంది. హద్దుల కోసం తీసిన ఫోటో గనక చెట్టును వదిలేసి గట్టును మాత్రం రికార్డులోకి దించారు. చుట్టుకొలత ఫలానా దాటిన ప్రతి చెట్టునూ లేఅవుట్ దరఖాస్తు పటంలో చూపాలి, అది పడే చోటే పది శాతం ఖాళీ స్థలం పెట్టాలి, పెట్టలేకపోతే కారణం రాయాలి అని విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ ఒక నిబంధన చేర్చుకుంటే చాలు. దానికి శాసనసభ సమావేశం అక్కర్లేదు. మీలో కొందరు గ్రామ సర్వేయర్లు అవుతారు, కొందరు ప్లానింగ్ సెక్రటరీలు, కొందరు బ్యాంకుల్లో ఇంటి అప్పుల ఫైళ్లు చూస్తారు, చాలామంది పదేళ్లలో ఎక్కడో ఓ ప్లాటు కొంటారు. నిబంధన వచ్చేదాకా ఆగనక్కర్లేదు. సర్వేయరు చేతిలోని గొలుసు, కొనేవాడు అడ్వాన్సు ఇచ్చే ముందు అడిగే ప్రశ్న, రెండూ ఇప్పటికే మీవి. ఈ స్థలంలో ఇదివరకు ఏ చెట్లుండేవి, పాత ఫోటో చూపించండి అని బ్రోచర్ ఇచ్చిన మనిషిని అడగండి. ఇద్దరు అడిగితే నవ్వుతాడు, ఇరవై మంది అడిగితే తరువాతి వెంచర్‌కు పటం గీసేవాడికి ఫోన్ చేస్తాడు.