పొదుపు పిసినిగొట్టుతనము గాదు

(సముద్రతీరపు పొదుపు సంఘముల సభలో నొక న్యాయవాది చేసిన యుపన్యాసము)



పొదుపును గూర్చి మాటలాడుమని మీరు నన్ను గోరితిరి. ఈ విషయమున న్యాయవాదికి గల యర్హత యేమని మీలో గొందరు తలంపవచ్చును. ఇంటి ఖర్చు దారితప్పినచో తుదకది న్యాయస్థానము వాకిటికే చేరును. ప్రోనోటు దావాలలో నేను జూచు కాగితములలో దుర్వ్యసనములకై చేసిన యప్పులు కొన్ని మాత్రమే. బియ్యమునకు, నూనెకు, పిల్లల చదువునకు జేసిన చిన్న యప్పులు వడ్డీతో బెరిగివచ్చినవే పెక్కు. కావున నేను జెప్పదలచిన మాట యొక్కటే. మన యిండ్లను గృశింపజేయుచున్నది ధరకంటె నరువు. చేత రొక్క మున్నవాడు నాలుగంగళ్లు తిరిగి బేరమాడగలడు. అరువు దెచ్చుకొనువాడు ఒక్క యంగడికే కట్టుబడి, చెప్పిన ధర కొప్పుకొనవలసినదే.

పొదుపనగా గడుపు మాడ్చుకొనుట యని కొందరి భ్రమ. బిడ్డకు బోయు పాలు తగ్గించి మిగిల్చినది పొదుపు గాదు. అది రేపు వైద్యునికి జెల్లింపవలసిన సొమ్మునకు బయానా. అవసరమైన దానిని సరియైన కాలమున, సరియైన తూకముతో, రొక్కమిచ్చి కొనుటయే పొదుపు.

“ఏమియు లేనివాడేమి దాచును?” అని మరికొంద రడుగుదురు. దీనికి మన నెల్లూరు జిల్లాయే యుత్తరము జెప్పియున్నది. 1992లో దూబగుంట స్త్రీలు సారా యంగడిపై దిరుగబడిరి. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతట వినబడెను. అక్షరాస్యతా కేంద్రములలో గూడుకొన్న స్త్రీలు ఊరూరను లేచిరి. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమున సారా నిషేధింపబడెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడెను. శాసనములు వచ్చును, పోవును. ఆ స్త్రీలు చేపట్టిన వేరొక పని మాత్రము నిలిచినది. దినమున కొక్క రూపాయి చొప్పున వారు సంఘములలో దాచుకొనిరి. పొదుపులక్ష్మి యను పేరు మన జిల్లాలోనే ప్రతి యింట మ్రోగినది. ఆ యిండ్లలో డబ్బు లేకపోలేదు. అది వేరొక దారిని బోవుచుండెను. ఆ దారిని మూసినవెంటనే రూపాయి ఇంటిలో నిలిచినది.

ఇప్పుడు మన తీరమునకు వత్తము. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు యంత్రపు పడవలు కడలిలోనికి బోరాదు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమున వాటిని గాపాడుటకై యీ విరామము. పెండ్లి ఖర్చువలె, రోగము ఖర్చువలె నిది హఠాత్తుగ వచ్చునది గాదు. ఏ తేదీకి వచ్చునో పసిబిడ్డలు సైతము చెప్పగలరు. అయినను పాలెములలో బెక్కిండ్లు ప్రతి వేసవియందును అప్పు చేయుచునే యున్నవి.

లెక్క చూతము. ఒక యింటికి దినమునకు 500 రూపాయలు కావలెననుకొందము. 61 దినములకు 30,500 రూపాయలు. ప్రభుత్వ మిచ్చు వేటవిరామపు భృతి 2019లో 10,000 రూపాయలకును, 2025లో 20,000 రూపాయలకును బెరిగినది. అది చేతికందిన యింటికి దక్కువపడునది 10,500 రూపాయలు. వేట సాగు 304 దినములలో దినమునకు 35 రూపాయలు సంఘములో వేసినచో నీ లోటు దీరును.

ఆ 35 రూపాయలు దాచనివాని గతి యేమి? నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి 10,500 రూపాయలు తెచ్చినచో ఏటికి వడ్డీయే 3,780 రూపాయలు. చేపల వర్తకుని యొద్ద వడ్డీ లేకయే తెచ్చితి నని సంతోషించువాడు మరింత నష్టపడవచ్చును. పట్టిన చేపనంతయు నాతనికే, ఆతడు చెప్పిన ధరకే వేయవలెను. ఏటికి రెండు లక్షల రూపాయల చేప పట్టువాడు నూటికి ఐదు రూపాయలు తగ్గించి యమ్మినచో బోవునది 10,000 రూపాయలు. ఇంచుమించు అసలంత సొమ్ము పోయినను అసలు తీరదు! ఇది వడ్డీ లేని యప్పా?

భగవంతు డొక సౌకర్యమును గూడ గల్పించినాడు. మన డెల్టాలో వరికోతలు సాధారణముగ మార్చి, ఏప్రిల్ నెలలలో జరుగును. కళ్లములలో ధాన్యము రాసులుపడు నా దినములలోనే చింతపండు, మిరపకాయలు గూడ సంతకు వచ్చును. వేట మూయుటకు ముందే, చేతిలో రొక్క ముండగనే, రెండు నెలల బియ్యమును, ఏడాది చింతపండును, మిరపకాయలను గొని యెండబెట్టి దాచుకొనుడు. పది యిండ్లవారు గూడి బియ్యము బస్తాలుగాను, నూనె డబ్బాలుగాను గొని పంచుకొనుడు. మన రైతు ధాన్యమును పుట్టి యనగా 850 కిలోల లెక్కన నమ్మును. మన మేల పావుకిలో లెక్కన మాత్రమే కొనవలెను?

అంగడిలో జూడవలసినవి కొన్ని గలవు. వస్తువు పెట్టకముందు త్రాసు సున్న చూపుచున్నదా యని చూడుడు. త్రాసుపై తూనికలు కొలతల శాఖవారి ముద్ర యుండవలెను. నూనె పొట్లము పరిమాణమును జూచి మోసపోకుడు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగును. చూచుట కొకటే తీరున నుండియు 850 గ్రాములే యున్న పొట్లము ధర తక్కువయని సంతోషింప బనిలేదు. పొట్లములపై గ్రాము ధరయో, మిల్లీలీటరు ధరయో అచ్చువేయవలెనను నియమము గలదు. దానిని బట్టి పోల్చుడు. పెద్ద పొట్లమే యెల్లప్పుడును చౌక యనుకొనరాదు, లెక్క కట్టవలెను. పొట్లముపై వేసిన గరిష్ఠధరకు మించి యడిగినచో నీయకుడు, బిల్లు తీసికొనుడు. అన్యాయము జరిగినచో 1915 సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమిషనునకు బోవచ్చును. ఐదు లక్షల రూపాయలవరకు గల వ్యవహారములకు రుసుము లేదు.

తుదకు న్యాయవాదిగా రెండు మాటలు. తప్పనిసరియై అప్పు చేసినను, ఖాళీ ప్రోనోటుపై సంతకము గాని వ్రేలిముద్ర గాని వేయకుడు. స్టాంపు అంటించి సంతకము చేసి యిచ్చిన ఖాళీ కాగితమును నింపుకొను నధికారమును చట్టమే పుచ్చుకొన్నవాని కిచ్చుచున్నది. చెల్లించిన ప్రతిసారియు రసీదు బొందుడు. బాకీ తీరిన దినమున నోటును మరల దీసికొని చింపివేయుడు. చీటీ కట్టునెడల 1982 నాటి చట్టము క్రింద నమోదైనదానిలోనే కట్టుడు.

తల్లులారా! బడికి బోవు మీ బిడ్డచేత రాత్రివేళ ఒక చిట్టా వ్రాయింపుడు. వచ్చిన దెంత, పోయిన దెంత, అరువెంత. లండనులో జదువుకొను దినములలో గాంధీమహాత్ముడు కానీ మొదలు ప్రతి ఖర్చును వ్రాసి, పడుకొనబోవుముందు నిలువ సరిచూచుకొనెడివాడు. మీకు అది మరింత యవసరము. రాబోవు ఏప్రిల్ 15వ తేదీన ఏ వర్తకుని వాకిటను నిలువబడకుండ మీ పొయ్యి వెలిగెనా, జూన్ 15వ తేదీన మీరు పట్టిన చేపకు ధర చెప్పువారు మీరే యగుదురు.