సున్నుండ చిన్నదైతే పండగ చిన్నబోదు

(దీపావళికి ముందు మన దేవాలయ భోజనశాలలో పిల్లలకు జరిపిన మిఠాయిల తరగతిలో వాలంటీర్ల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన అమెరికాలో దీపావళి ఇంచుమించు హాలోవీన్ చాక్లెట్ల రోజుల్లోనే వస్తుంది. ఆ వెనకాలే థాంక్స్‌గివింగ్, క్రిస్మస్. రెండు నెలలపాటు పిల్లల చేతిలో ఏదో ఒక తీపి ఉంటూనే ఉంటుంది. పండగ పూట "వద్దు" అనడం మాకూ ఇష్టం లేదు. అందుకే ఈసారి సున్నుండలు పిల్లల చేతే చేయిస్తున్నాం.

ముందుగా ఒక లెక్క. రెండు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు విడిగా కలిపిన చక్కెర రోజుకు 25 గ్రాముల లోపే ఉండాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లో చెప్పింది. అంటే సుమారు ఆరు టీస్పూన్లు. రెండేళ్లు నిండనివాళ్లకు అసలు వద్దంది. "బెల్లమే కదా, ఫరవాలేదు" అని మన ఇళ్లలో తరచూ వినే మాట. కానీ బెల్లం కూడా చాలావరకు చక్కెరే. అదీ ఈ లెక్కలోకే వస్తుంది.

400 గ్రాముల మినప్పప్పుకు సమానంగా బెల్లం వేసి ఇరవై ఉండలు చుడితే, ఒక్కోదానిలో 20 గ్రాముల బెల్లం. ఒక్క ఉండతో ఆ రోజు వాటా దాదాపు అయిపోయినట్టే. అదే పప్పుకు 200 గ్రాముల బెల్లంతో నలభై చుడితే ఒక్కోదానిలో 5 గ్రాములే. రెండు తిన్నా పదే. తీపి తగ్గిన లోటు తెలియకుండా ఉండాలంటే పప్పును సన్నని సెగ మీద ఓపిగ్గా, కమ్మని వాసన వచ్చేదాకా వేయించాలి. చివర్లో కాస్త యాలకుల పొడి.

వేయించడం, మిక్సీ పట్టడం, నెయ్యి కాచడం పెద్దల పని. బెల్లం తూచడం ఎనిమిదేళ్లు దాటినవాళ్లది. పిండి గోరువెచ్చగా అయిందని పెద్దవాళ్లు చేయి పెట్టి చూశాక ఉండలు చుట్టడం అందరిదీ. మధ్యలో రుచి చూస్తామని పిల్లలు అడుగుతారు. నైవేద్యం పెట్టేదాకా రుచి చూడం కదా! అందుకే త్రాసును నమ్ముకుందాం.

ఇంకో ముఖ్యమైన మాట. ప్రసాదం చేతికొచ్చాక, "ఇందులో పల్లీలు, జీడిపప్పు, నువ్వులు ఉన్నాయా?" అని అడగాల్సిన తల్లిదండ్రులు మనలో ఉన్నారు. జవాబు దొరక్కపోతే ఆ బిడ్డ ప్రసాదం తినకుండానే ఇంటికి వెళ్లాలి. ఈ దేశంలో 2023 జనవరి 1 నుంచి ప్యాకెట్ ఆహారాల మీద నువ్వుల పేరు కూడా ముఖ్యమైన అలర్జీ పదార్థంగా తప్పనిసరిగా రాయాలి. మనం ఇంట్లో చేసిన డబ్బా మీద మాత్రం ఎవరు రాస్తారు? పిల్లలే రాస్తారు. మినప్పప్పు, బెల్లం, నెయ్యి, యాలకులు. నెయ్యి పాలనుంచి వచ్చిందని కూడా రాయిస్తాం. పల్లీల పొడి పట్టిన మిక్సీ జార్‌లో ఆ ఆనవాళ్లు మిగిలిపోవచ్చు కాబట్టి ఇవాళ వేరే జార్ వాడుతున్నాం.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. తీపి లేని నైవేద్యాలు మన పండగల్లో ఎప్పుడూ ఉన్నవే. వినాయక చవితికి ఉండ్రాళ్లు, శ్రావణమాసం నోములకు శనగలు, శ్రీరామనవమికి వడపప్పు. బామ్మలను అడిగితే ఈ జాబితా ఇంకా పెరుగుతుంది. షుగర్ ఉన్న తాతయ్యలు కూడా మొహమాటం లేకుండా పంచుకోగలిగేవి వీటిలో ఉన్నాయి. ఎంత తినొచ్చో వాళ్ల డాక్టరు చెప్పినట్టే.

మీ అందరికీ మా విన్నపం ఒక్కటే. ఈ పండగకు ఇంట్లో చేసే ఒక్క పిండివంటైనా మీ పిల్లల చేత తూయించండి, చుట్టించండి, డబ్బా మీద చీటీ రాయించండి. తన చేత్తో తూచిన బిడ్డకు ఎంత తింటున్నానో తెలుస్తుంది. పక్కింటి బిడ్డ కోసం చీటీ రాసిన బిడ్డకు పంచుకోవడం తెలుస్తుంది.

ఇక చేతులు కడుక్కుందాం. త్రాసు సిద్ధంగా ఉంది.